పక్క బీరువా తెరవండి

పత్రికకు వచ్చే ఉత్తరాల్లో కొంతకాలంగా ఒక ఫిర్యాదు మళ్లీ మళ్లీ కనబడుతోంది. ‘ఏ పుస్తకం పట్టుకున్నా పాతిక పేజీలు దాటడం లేదండీ. ఒకప్పుడు రాత్రికి రాత్రి నవల ముగించినవాణ్ని. ఇప్పుడు ఏది తెరిచినా ఇంతకుముందే చదివేసినట్టుంటోంది’ అని. మాటలు మారుతుంటాయి, బాధ ఒక్కటే. ఇలా రాసేవారు పుస్తకం ముఖం చూడనివాళ్లు కారు. ఇంట్లో బీరువాల నిండా పుస్తకాలు పెట్టుకున్నవాళ్లు, ఏటా పుస్తక ప్రదర్శనకు సంచులు పట్టుకెళ్లేవాళ్లు, కథ నచ్చితే మెచ్చుకుంటూ నచ్చకపోతే నిలదీస్తూ జాబు రాసేవాళ్లు. అలాంటివాళ్లకే చదువు మీద విసుగు పుట్టిందంటే పత్రిక నడిపేవాళ్లం పట్టనట్టు ఉండలేం.

చాలామంది నేరం ఫోను మీద వేస్తారు. ఫోను మన కాలాన్ని తినేస్తున్న మాట నిజమే. అయితే ఆ ఉత్తరాలను నిదానంగా చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. ఈమధ్య ఏమేం చదివారో కూడా వాళ్లే రాస్తారు. ఆ పేర్లన్నీ ఒకే కుదురువి. కథలు చదివేవారి జాబితాలో కథా సంకలనాలు తప్ప మరేమీ ఉండవు. కవిత్వం చదివేవారు కవిత్వం, దాని మీద వచ్చిన వ్యాసాలు, ఆ వ్యాసాల మీద వచ్చిన జవాబులు చదువుతారు. వ్యక్తిత్వ వికాసం చదివేవారు అట్ట మారిన అదే సలహాను ఏడాదికి నాలుగుసార్లు కొంటారు. వస్తువు అదే, మాట తీరు అదే, ముగింపు ఎటు పోతుందో మూడో పేజీలోనే తెలిసిపోతుంది. మనసు నిలవకపోవడంలో వింతేముంది? చదవాలన్న కోరిక వాళ్లలో చావలేదు. పెట్టిందే పెడుతుంటే వద్దంటోంది, అంతే.

మన అభిరుచిని మనమే ఎంచుకున్నామని అనుకుంటాం. కానీ మొదటి పుస్తకాలు ఎవరి చేతి నుంచి వచ్చాయో గుర్తు చేసుకుంటే అసలు కథ తెలుస్తుంది. అరవై, డెబ్బై, ఎనభైల్లో తెలుగునాట దాదాపు ప్రతి చిన్న ఊళ్లోనూ అద్దెకు నవలలిచ్చే కొట్టు ఉండేది. కిళ్లీకొట్టు పక్కనో, సైకిలు షాపు వెనకో, చెక్క అరల్లో అట్టలు ఊడిన నవలలు. రోజుకింత అని అద్దె. ఆ కొట్టువాడికి మన సంగతి మనకంటే బాగా తెలుసు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ పుస్తకం తిరిగి ఇవ్వగానే చేతిలో ఇంకో యుగంధర్ పెట్టేవాడు. మధుబాబు షాడో నవల అడిగినవాడికి ఇంకో షాడో. యద్దనపూడి సులోచనారాణి నవల చదివిన అమ్మాయికి అదే వరసలో వచ్చిన మరో రచయిత్రి నవల. ఆ కొట్లను తక్కువ చేసి మాట్లాడేవారితో మాకు పొత్తు లేదు. లక్షలాదిమందిని అక్షరానికి అలవాటు చేసింది అవే. వంటింట్లో పని ముగించుకుని మధ్యాహ్నంపూట ఒక గంట తనకోసం మిగుల్చుకున్న గృహిణికి ఆ గంటలో తోడున్నది ఆ పుస్తకమే. చిక్కల్లా అక్కడితో ఆగిపోయినవారి విషయంలో వచ్చింది. షాడో దగ్గర మొదలుపెట్టి గోపీచంద్ దాకా నడిచినవాళ్లున్నారు. ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా షాడో కోసమే వెతుక్కుంటూ, దొరికినా మునుపటి రుచి లేదని బాధపడేవాళ్లూ ఉన్నారు.

ఇవాళ ఆ కొట్లు లేవు. కానీ ఆ కొట్టువాడి పని ఫోను చేస్తోంది. ‘ఇది కొన్నారు గనక అది కూడా కొనండి’ అంటుంది. ఒక తేడా మాత్రం ఉంది. కొట్టువాడు ఎప్పుడైనా, ఆ అడిగిన నవల బయటికి వెళ్లిపోయిన రోజున, ‘ఇది తీసుకుపో, బాగుంటుంది’ అని సంబంధం లేని పుస్తకం ఒకటి అంటగట్టేవాడు. ఎందరి చదువో అలా మలుపు తిరిగింది. అంగట్లో ఎప్పుడూ ‘స్టాకు’ ఉండే చోట ఆ అవకాశమే ఉండదు.

సామాన్య పాఠకుడి సంగతి అలా ఉంచితే, సాహిత్యం మా సొంతమనుకునే మనవాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు. ఇది చెప్పక తప్పదు. పుస్తకాలు సమీక్షకు పంపేటప్పుడు ప్రతి సంపాదకుడికీ ఎదురయ్యే మాట ఇది: ‘నాకు కవిత్వమే పంపండి’, ‘నేను నవలల మీద రాయను’, ‘ఫలానావారి పుస్తకమా, వద్దులెండి.’ మూడో మాట మరీ కలవరపెడుతుంది. మనం ఏ శిబిరానికి చెందినవారమో ఆ శిబిరం పుస్తకాలే చదువుతున్నాం. విప్లవ సాహిత్యం చదివేవారు విశ్వనాథను ముట్టుకోరు. విశ్వనాథను ఆరాధించేవారికి దళిత కథ ఎలా నడుస్తోందో తెలియదు. 1993లో ‘నీలిమేఘాలు’, 1995లో ‘చిక్కనవుతున్న పాట’, 1998లో ‘జల్‌జలా’ వచ్చి స్త్రీల, దళితుల, ముస్లింల గొంతులను తెలుగు కవిత్వంలో నిలబెట్టాయి. వాటిని తెగిడినవారిలో, పొగిడినవారిలో కూడా, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవారు ఎందరని అడిగితే సూటిగా జవాబు రాదు. వాటి గురించి చదివి ఉంటారు. పుస్తకం గురించి చదవడం పుస్తకం చదవడం కాదు.

జాబితాల మాట కూడా చెప్పుకోవాలి. ‘తప్పక చదవాల్సిన తెలుగు నవలలు’ అని ఎవరు జాబితా వేసినా ‘మాలపల్లి’, ‘వేయిపడగలు’, ‘అసమర్థుని జీవయాత్ర’, ‘చివరకు మిగిలేది’, ‘అల్పజీవి’, ‘కాలాతీత వ్యక్తులు’, ‘అంపశయ్య’ ఉంటాయి. ఉండాల్సినవే. వాటి గొప్పతనం మీద మాకు అనుమానం లేదు. కానీ కొత్తగా చదువుకోవాలని వచ్చిన యువకుడికి ఆ ఏడు పేర్లే ఇచ్చి పంపిస్తే, అతను తెలుగులో ఉన్నది నవల ఒక్కటేనని, అందులోనూ కుమిలిపోయే నాయకుడి కథే గొప్పదని అనుకుంటాడు. తెలుగులో ఖగోళం మీద, ప్రయాణాల మీద, తిండి మీద, పంటల మీద, కోర్టుల మీద, కాలువల మీద మంచి వచనం ఉందని అతనికి ఎవరూ చెప్పరు.

మన పెద్దలకు ఈ ఇరుకు తెలుసు. 1906లో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టినప్పుడు తెలుగులో కావ్యాలకు, శతకాలకు, ప్రబంధాలకు కొరత లేదు. వాళ్లు వేరే లోటు చూశారు. మండలి తెచ్చిన తొలి పుస్తకం అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. రాసింది గాడిచర్ల. ఆ తర్వాత చరిత్రలు, శాస్త్ర గ్రంథాలు, నవలలు వరసగా వచ్చాయి. పద్యం తప్ప మరొకటి చదవడం అలవాటు లేని ఇంట్లోకి అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసిన మనిషి కథ తెలుగు వచనంలో అడుగుపెట్టింది. పాఠకుడు అడిగింది ఇవ్వడంతో తమ పని తీరిందని వాళ్లు అనుకోలేదు. అతను అడగడానికి కూడా ఎరగని పుస్తకాన్ని అతని గుమ్మంలో పెట్టారు.

1935లో పాతూరి నాగభూషణం నడిపిన పడవ గ్రంథాలయం గురించి గ్రంథాలయోద్యమ చరిత్రలో నాలుగు మాటలు చెప్పి వదిలేస్తుంటారు. కృష్ణా కాలువ మీద ఊరి నుంచి ఊరికి పోయే ప్రయాణికుల పడవలో పుస్తకాలు పెట్టారు. పడవ నెమ్మదిగా సాగుతుంది. గంటలకు గంటలు చేయడానికి పనేమీ లేదు. ఎదురుగా ఉన్నవి ఆ కాసిని పుస్తకాలే. సంతకు పోయే రైతు, పుట్టింటికి పోయే ఆడపడుచు, పరీక్షకు పోయే కుర్రాడు తమకు నచ్చిన పుస్తకం ఏరుకోవడానికి అక్కడ వీలుండదు. ఉన్నదే చదవాలి. చదవడం రానివాళ్లకు పక్కనున్నవాళ్లు చదివి వినిపించాలి. ఎంపిక లేకపోవడం వల్ల ఒక మేలు జరుగుతుందని ఆ పడవ చూపించింది. ఏ పుస్తకం ఎవరికి అంటుకుంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ పని మాస్కో నుంచి జరిగింది. ప్రగతి, రాదుగ, మీర్ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చువేసి పంపిన పుస్తకాలను విశాలాంధ్రవారు దుకాణాల్లోనూ, ఊరూరా తిరిగే వ్యానుల్లోనూ అమ్మారు. గట్టి అట్ట, మంచి కాగితం, చౌక ధర. టాల్‌స్టాయ్, గోర్కీ, చెహోవ్ సరే. అదే వ్యానులో యాకోవ్ పెరెల్మాన్ భౌతికశాస్త్రం ఉండేది, పిల్లల జానపద కథలుండేవి, లోహాల మీద, గ్రహాల మీద పుస్తకాలుండేవి. తండ్రి రాజకీయాల కోసం వ్యాను ఎక్కితే వెంట వచ్చిన పిల్లవాడు పెరెల్మాన్‌ పుస్తకంతో దిగేవాడు. తెలుగు చేసినవారు కూడా ఒకే గూటి పక్షులు కారు. ఉప్పల లక్ష్మణరావు వృక్షశాస్త్రవేత్త. ‘అతడు-ఆమె’ లాంటి నవల రాయగలిగిన ఆయన మొక్కల శాస్త్రం చదివినవాడు. ‘సంవేదన’ నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కోలో కూర్చుని అనువాదాలు చేశారు. ఆ అనుభవమే ‘అనువాద సమస్యలు’ పుస్తకమై సాహిత్య అకాడమీ పురస్కారం దాకా వెళ్లింది. 1991లో సోవియట్ యూనియన్ కూలింది, పుస్తకాలు ఆగాయి. ఆ ఖాళీ ఇప్పటికీ సరిగ్గా పూడలేదు. పిల్లల కోసం తెలుగులో సైన్సు పుస్తకం కావాలని తల్లిదండ్రులు అడిగితే ఈనాడు చెప్పగలిగిన పేర్లు ఎన్ని? మహీధర నళినీమోహన్, నండూరి రామమోహనరావు అని రెండు పేర్లు చెప్పి తడుముకుంటాం.

మాలతీ చందూర్ ‘స్వాతి’ మాసపత్రికలో ‘పాత కెరటాలు’ రాసిన సంవత్సరాల్లో ఇంగ్లీషు రాని పాఠకురాలు కూడా ప్రపంచ నవలల పేర్లు, పాత్రల పేర్లు చెప్పగలిగేది. ఆవిడ చేసింది విమర్శ కాదు, పొరుగింటి కబురు చెప్పినట్టు కథ చెప్పడం. దాన్ని చిన్నచూపు చూసిన పండితులు ఆనాడూ ఉన్నారు. కానీ వంటల పుస్తకం కోసం మాలతీ చందూర్‌ను నమ్మిన పాఠకురాలు అదే నమ్మకంతో విదేశీ నవల దగ్గరికి వెళ్లింది. నమ్మిన మనిషి చెయ్యి పట్టుకుంటే కొత్తచోటికి వెళ్లడానికి భయం ఉండదు.

గ్రంథాలయాల్లో ఈ సంగతికి ఒక శాస్త్రమే ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో ఒకటి, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలన్నది. దాని వెంటనే ఇంకొకటి ఉంది: ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలి. మొదటిది అందరికీ నచ్చుతుంది. రెండోదే కష్టం. పుస్తకం నడిచి రాలేదు గనక పాఠకుణ్ని పుస్తకాల మధ్యకు నడిపించాలని, బీరువాలకు తాళాలు తీసి అరలు తెరిచి ఉంచాలని ఆయన గట్టిగా వాదించారు. తెరిచిన అరలో మనం వెతుకుతున్న పుస్తకం పక్కన మనం వెతకనిది ఉంటుంది. చెయ్యి దాని మీద పడుతుంది. మన ఊళ్లలో శాఖా గ్రంథాలయాలు ఎన్నింటిలో ఇవాళ అరలు తెరిచి ఉన్నాయి? దినపత్రికల బల్ల చుట్టూ జనం, పోటీ పరీక్షల పుస్తకాల దగ్గర విద్యార్థులు, వెనక గదిలో అద్దాల బీరువాల్లో దుమ్ము పట్టిన సాహిత్యం. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్న మనకు ఆ తాళం తీయమని అడిగే హక్కుంది. అడగడం లేదు.

సలహా చెప్పడం తేలిక. ‘వైవిధ్యం పాటించండి’ అంటే సరిపోదు. కవిత్వం ఇష్టపడేవారి చేతిలో అర్థశాస్త్రం పెడితే చదవరు. చదవకపోవడం వారి తప్పూ కాదు. ఇష్టమైనచోటు నుంచి ఒక్క అడుగు పక్కకు వేయాలి. ఒక ఉదాహరణ చూద్దాం. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వచ్చింది. 1955లో సాహిత్య అకాడమీ తన తొలి పురస్కారాన్ని తెలుగులో దానికే ఇచ్చింది. రాజుల యుద్ధాలు, పట్టాభిషేకాల తేదీలు కాక జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆటలాడుకున్నారు, దేనికి భయపడ్డారు అన్నది ఆయన ప్రశ్న. దానికి జవాబు ఎక్కడ వెతికారు? మనం రసం కోసం, అలంకారాల కోసం చదివే కావ్యాల్లో. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు చూశారు. పల్నాటి వీరచరిత్రలో కోడిపందెం చూశారు. ఆముక్తమాల్యదలో రైతు బతుకు చూశారు. శుకసప్తతి, హంసవింశతి లాంటి వాటిని శృంగార కథలని పక్కనపెట్టిన కాలంలో వాటిలోంచి చేతివృత్తుల పేర్లు, పనిముట్లు, నగలు, తినుబండారాలు ఏరి తెచ్చారు. కావ్యం ఇష్టపడేవారికి ఆ పుస్తకం చరిత్ర వైపు తలుపు. చరిత్ర ఇష్టపడేవారికి కావ్యాల వైపు తలుపు. ‘చిల్లర దేవుళ్లు’ నచ్చినవారు అక్కడి నుంచి సురవరం దగ్గరికి, సురవరం దగ్గరి నుంచి క్రీడాభిరామానికి వెళ్లవచ్చు. ఇది బలవంతపు ప్రయాణం కాదు. ప్రతి అడుగులోనూ తెలిసినది కొంత ఉంటుంది.

ఇంకొకటి. ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర. పేరు విన్నవారు చాలామంది, చదివినవారు కొద్దిమంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దారిలో చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాస్తూ వచ్చారు. వీరాస్వామి 1836లో పోయాక, 1838లో ఆ మిత్రుడే అచ్చువేయించారు. యాత్ర అనగానే పుణ్యక్షేత్రాల మహిమలు ఉంటాయనుకుని పక్కనపెట్టేవారు నాలుగు పేజీలు చదివి చూడాలి. మజిలీకి మజిలీకి ఎన్ని ఆమడలు, దారి ఇసుకా రేగడా, ఊళ్లో నీటి వసతి ఎలా ఉంది, అంగళ్లలో సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా: కోర్టులో సాక్ష్యం తర్జుమా చేసిన మనిషి కన్ను అలా పనిచేస్తుంది. అనుమానం ఉన్నచోట అనుమానం ఉందంటారు. భక్తుడే, కానీ పండాల సంగతి, అధికారుల సంగతి కళ్లు మూసుకుని రాయలేదు. వచనం ఆనాటి పండితుల గ్రాంథికం కాదు. హిందుస్తానీ, ఇంగ్లీషు మాటలు కలిసిన ఆనాటి చెన్నపట్నపు తెలుగు. వాక్యాలు పొడుగ్గా సాగుతాయి, మొదట కాళ్లకు అడ్డం పడతాయి. రెండు మూడు మజిలీలు నడిచాక ఆ నడకే అలవాటవుతుంది. 1941లో దిగవల్లి వేంకటశివరావు వివరణలతో సంస్కరించిన ప్రతి దొరికితే మరీ మంచిది. నవలలతో అలసిపోయినవారికి మేము మొదట చెప్పే పుస్తకం ఇదే. ఇందులో కథానాయకుడి మనోవేదన లేదు, ప్రేమ లేదు, మలుపులు లేవు. రెండు శతాబ్దాల కిందటి దేశం ఉంది.

ప్రాంతాల మధ్య కూడా మనకు గోడలున్నాయి. ‘ఆ యాస మాకు అర్థం కాదండీ’ అనే మాట గోదావరి పక్కవారు తెలంగాణ, రాయలసీమ కథల గురించి అంటారు. తెలంగాణ పాఠకులు ఉత్తరాంధ్ర గురించి అంటారు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది, 2021లో సినిమాగానూ వచ్చింది. సినిమా చూసినంతమంది నవల చదవలేదు. కరువులో ఊళ్లో మేత, నీళ్లు లేక గొల్లలు మందల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు. చదువుకున్న కుర్రాడు వాళ్ల వెంట వెళ్తాడు. గొర్రె జబ్బుల పేర్లు, చెట్ల పేర్లు, అడుగు జాడను బట్టి జంతువును పోల్చే మాటలు, రాత్రిపూట మంద చుట్టూ కాపలా కాసే పద్ధతి అన్నీ కడప జిల్లా గొల్లల నోటి తెలుగులో ఉంటాయి. మొదటి పేజీల్లో ప్రతి వాక్యానికీ ఒక తెలియని మాట తగులుతుంది. నిఘంటువు తీయనవసరం లేదు. ఆ కుర్రాడికి కూడా అవి కొత్తే. అతను నేర్చుకునే కొద్దీ మనమూ నేర్చుకుంటాం. పులికాట్ సరస్సు చుట్టూ ఉన్న తెలుగు బతుకు మీద స.వెం. రమేశ్ రాసిన ‘ప్రళయకావేరి కథలు’ కూడా ఇలాగే చదివించుకుంటాయి. మన భాష మనకు పూర్తిగా తెలుసన్న ధీమా ఈ రెండు పుస్తకాల ముందు నిలవదు. అలా నిలవకపోవడం మంచిదే.

పొరుగు భాషల మాటకొస్తే ఒకప్పుడు మనం ఇంత దూరంగా లేం. చక్రపాణి తెలుగు చేసిన శరత్‌బాబును తెలుగు రచయితే అనుకున్న ఇళ్లున్నాయి. కారంత్ కన్నడ నవలను తిరుమల రామచంద్ర ‘మరల సేద్యానికి’ అని ఇచ్చారు. మద్దిపట్ల సూరి ‘పథేర్ పాంచాలి’ ఇచ్చారు. సూరంపూడి సీతారాం బిభూతిభూషణ్ ‘ఆరణ్యక్’ను ‘వనవాసి’గా ఇచ్చారు. ఆ ‘వనవాసి’లో యుగళప్రసాద్ అనే మనిషి ఉన్నాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కల విత్తులు, దుంపలు తెచ్చి అడవిలో నాటుతుంటాడు. ఆ నేల అతనిది కాదు. ఎవరూ చూడరు, ఎవరూ మెచ్చుకోరు. అదే అడవిని కౌలుకిచ్చి కొట్టించడానికి కలకత్తా నుంచి వచ్చిన మేనేజరు సత్యచరణ్ అతనికి తోడవుతాడు. తన చేత్తో అడవిని నాశనం చేస్తున్న మనిషి, అదే అడవిలో పూలు నాటడానికి సాయం చేస్తాడు. అడవులు, గనులు, భూసేకరణ గురించి రోజూ వార్తలు చదివే మనకు ఈ నవల పాతది ఎలా అవుతుంది? దీన్ని చదివి వెంటనే ‘కొండపొలం’ చదివినవారికి రెండు అడవులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం వినిపిస్తుంది. ఒకే రచయిత పుస్తకాలు పది వరసగా చదివితే ఆ మాట వినబడదు.

ఈ మాటకు ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. అన్నిట్లో వేలు పెట్టడం కంటే ఒక్కదాన్ని లోతుగా చదవడం మేలు కదా అంటారు. ఒక విషయాన్ని జీవితమంతా పట్టుకున్న పండితుల ఎడల మాకు గౌరవమే. కానీ వాళ్ల చదువును దగ్గరగా చూస్తే లోతు ఉన్నచోట వెడల్పూ కనబడుతుంది. కొడవటిగంటి కుటుంబరావు కథలు, నవలలు మనకు తెలుసు. ఆయన సైన్సు మీద, సినిమా మీద, సంగీతం మీద, చరిత్ర మీద రాసిన వ్యాసాలు వేరే సంపుటాలుగా ఉన్నాయి. మధ్యతరగతి ఇంటి లెక్కలను అంత కచ్చితంగా పట్టుకున్న కథకుడి వెనక ఆ చదువంతా ఉంది. నండూరి రామమోహనరావు మార్క్ ట్వేన్‌ను తెలుగు చేసిన చేత్తోనే ‘విశ్వరూపం’లో నక్షత్రాల గురించి, ‘నరావతారం’లో జీవపరిణామం గురించి, ‘విశ్వదర్శనం’లో తత్త్వశాస్త్రం గురించి రాశారు. పిల్లలకు కథ చెప్పడం తెలిసినవాడు గనకే పెద్దలకు ఖగోళం చెప్పగలిగారు. ఈనాటి కథల్లో బతుకు పలచబడుతోందని మనం తరచు అనుకుంటున్నాం. కథలు రాసేవారు కథలే చదవడం దానికి ఒక ముఖ్య కారణమని మా నమ్మకం. చేపల వేట గురించి కథ రాసే రచయిత వలల గురించి, ఆటుపోట్ల గురించి, పడవ డీజిలు ఖర్చు గురించి ఎక్కడా చదవకుండా, ఎవరినీ అడగకుండా, మరో చేపల కథ చదివి రాస్తే ఆ కథలో సముద్రం ఉండదు.

కొత్తరకం పుస్తకం పట్టుకున్నప్పుడు మొదటి ముప్ఫై నలభై పేజీలు ఇబ్బందిగానే ఉంటాయి. ఎవరు ఎవరో తెలియదు, ఎందుకు చెబుతున్నారో తెలియదు. అలవాటైన పుస్తకంలో ఆ కష్టం ఉండదు గనకే మనం దాని దగ్గరికి తిరిగి పోతుంటాం. కాస్త ఓపిక పట్టాలి. ఆ తర్వాత కూడా నచ్చకపోతే మూసేయడం నేరం కాదు. పుస్తకం మొదలుపెడితే ముగించి తీరాలన్న పట్టుదల బడిలో నేర్పినది. దానివల్ల కొత్త పుస్తకం తెరవడానికే జంకు పుడుతుంది. నాలుగు తెరిచి ఒకటి ముగిస్తే చాలు. మరో సులువైన మార్గం, మనలా చదవని మనిషిని అడగడం. మీ ఊరి పశువుల డాక్టరు, మీ ఇంటికి వచ్చే ఎల్.ఐ.సి. ఏజెంటు, మీ అమ్మాయి స్నేహితురాలు ఏం చదువుతున్నారో అడగండి. వాళ్ల చేతిలో ఉన్నది అరువడగండి. ఆదివారం హైదరాబాదు అబిడ్స్, కోఠీ ఫుట్‌పాత్‌ల మీద, విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల మధ్య పేర్లు రాసుకున్న కాగితం జేబులోనే ఉంచి తిరగండి. అక్కడ పుస్తకాలు వర్గాల వారీగా ఉండవు. పశువైద్యం పక్కన భాగవతం, దాని పక్కన చిరిగిన చందమామ, దాని కింద ఎవరో సంతకం చేసి బహూకరించిన ఆత్మకథ. ఆ గందరగోళంలో ఒక అదృష్టం ఉంది.

ఇంట్లో పిల్లలున్నవారికి ఒక్క మాట. ‘మంచి పుస్తకాలు’ ఏరి ఇవ్వడం మానకండి గానీ, అప్పుడప్పుడు వాళ్లే ఏరుకున్నది మీరూ చదవండి. చదువు పెద్దల నుంచి పిల్లలకే పారాలన్న నియమం లేదు.

పత్రికగా మా బాధ్యత మేము తీసుకుంటున్నాం. వచ్చే సంచిక నుంచి సమీక్షల పేజీల్లో ఒక పేజీని కథ, కవిత, నవల కాని తెలుగు పుస్తకాలకు కేటాయిస్తున్నాం. సైన్సు కావచ్చు, వ్యవసాయం కావచ్చు, యాత్ర కావచ్చు, ఒక ఊరి చరిత్ర కావచ్చు. సమీక్షకులకు ఇకనుంచి వారు అడిగిన పుస్తకంతో పాటు అడగనిది ఒకటి పంపుతాం. దయచేసి తిప్పి పంపకండి.

పాఠకులకు మా విన్నపం ఇది. ఈ నెలలో మీరు ఎప్పుడూ చదవని రకం పుస్తకం ఒకటి చదవండి. మీకు గిట్టని శిబిరానిదైతే ఇంకా మంచిది. అది మీ చేతికి ఎలా వచ్చిందో, ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ పట్టుకుందో రెండు పేజీలకు మించకుండా రాసి పంపండి. నచ్చలేదని రాసినా వేస్తాం. ఎందుకు నచ్చలేదో మాత్రం వివరంగా రాయండి. ఉత్తరాలు వచ్చే నెల 15 లోగా మాకు అందాలి.